మన పొయ్యి మీదకి నాన్‌స్టిక్ పెనం ఎలా వచ్చింది?



పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. పైకి వంటసామాన్ల గోలలా ఉంటుంది గానీ, ఇది చరిత్రే.

చీపురుపల్లిలో కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి నేను, నా రూమ్మేట్ వెళ్లేం. ఒక సామాన్ల కొట్టు ముందు బోర్డు పెట్టేరు. పాత ఇత్తడి, కంచు తెస్తే తూకం వేసి, దానికి బదులు కొత్త నాన్‌స్టిక్ సెట్టు ఇస్తారట. వాడు నవ్వేడు గానీ నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మా అమ్మమ్మ పెళ్లిలో పెట్టిన ఇత్తడి తపేలా ఇచ్చేసి మా అమ్మ మూడు నల్ల పెనాలు తెచ్చుకుంది. ఏడాది తిరక్కుండా పూత లేచిపోయింది. మొన్న ఫోన్ చేసి, "ఈ నల్ల పొక్కులు కూరలో కలిసిపోతన్నాయి రా, తింటే కేన్సర్ వస్తాదంట గదా, నిజమేనా?" అని అడిగింది. చదువుకుంటున్న కొడుకుని కదా, చెప్పలేకపోయేను. అప్పట్నించి దొరికిందల్లా చదివేను. ఆ పెనం కథ వెనక మన కొండలు ఉన్నాయి, ఈ చీపురుపల్లి నేల ఉంది, అమెరికాలో ఒక రైతు ఉన్నాడు. అదంతా వరసగా చెప్తాను.

అడుగంటడం అనే పాత సమస్య

వంట పుట్టిన దగ్గర్నించి అడుగంటడం ఉంది. చోడి అంబలి కాచేటప్పుడు తెడ్డు ఆపకుండా తిప్పుతారు, ఎందుకు? ఆపితే అడుగంటుతుంది. మట్టి దాకలో కూర సన్న మంట మీద మగ్గనిస్తారు. ఇనప పెనానికి నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి పదును చేస్తారు. ఆ నూనె కాలి ఇనుము మీద పల్చని నల్ల పొరలా అంటుకుపోతుంది. అట్టు వేసే ముందు ఉల్లిపాయ సగం కోసి నూనెలో ముంచి పెనం మీద రుద్దుతారు. అంటే అంటుకోని పెనం మనవాళ్లకీ తెలుసు. రోజూ వాడితేనే అది మంచిగా తయారవుతుంది, వాడే మనిషికి ఓపిక కావాలి.

మెట్టప్రాంతంలో, డబ్బున్న ఇళ్లల్లో ఇత్తడి ఉండేది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బూడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. బూడితి సామానుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇత్తడితో ఒక చిక్కు ఉంది. చింతపండు పులుసు పెడితే చిలుము పడుతుంది. ఆ చిలుము తింటే వాంతులవుతాయి. అందుకని లోపల కళాయి పూయించేవారు. కళాయి అంటే తగరం. గిన్నెని బాగా కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో గబగబా తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయిగిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. పూత అరిగిపోతే కళాయి పూసేవాడు వచ్చేదాకా అందులో పులుసు పెట్టకూడదు. కక్కుర్తి పడ్డవాడు తగరంలో సీసం కలిపితే తిన్నవాడికి విషం.

ఈ రెండు జాగ్రత్తలూ గుర్తు పెట్టుకోండి. ఖాళీగా కాల్చొద్దు, పూత పోతే వాడొద్దు. మా అమ్మమ్మకి ఇవి ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. పూత పూసినవాడు ఎదురుగా కూర్చుని పూసేడు. ఏం పూసేడో కళ్లతో చూసింది, ఎప్పుడు మళ్లీ పూయించాలో అతన్నే అడిగి తెలుసుకుంది.

సత్తు గిన్నె, కొండ రాయి

తర్వాత సత్తు గిన్నె వచ్చింది. మన వైపు సిల్వర్ గిన్నె అనీ అంటారు, నిజానికి అది అల్యూమినియం. అప్పటికి మన ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1898లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించేడు. తేలిగ్గా ఉంటుంది, కళాయి అక్కర్లేదు, ఇత్తడి కన్నా చవక. కొద్ది ఏళ్లకే అది పెద్ద వ్యాపారమైంది. బీదవాడి గిన్నె మట్టి నుంచి సత్తుకి మారడం అక్కడ మొదలైంది.

అల్యూమినియం బాక్సైట్ రాయి నుంచి వస్తుంది. బాక్సైట్ తూర్పు కనుమల కొండ నెత్తిన ఉంటుంది. కొండ నెత్తిన ఎవరుంటారో మనకి వేరే చెప్పక్కర్లేదు. 1981లో నాల్కో ఏర్పడ్డాక మన సరిహద్దు అవతల కోరాపుట్ జిల్లాలో పంచపట్మాళి కొండని తవ్వేరు, దామన్‌జోడిలో శుద్ధి కర్మాగారం కట్టేరు. రాయగడ జిల్లా మైకంచ్‌లో బాక్సైట్ గనికి ఎదురు తిరిగినందుకు 2000 డిసెంబర్ 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయేరు. 2013లో నియమగిరి కొండ మీద డోంగ్రియా కోందుల 12 గ్రామసభలు సుప్రీంకోర్టు ఆదేశం మీద కూర్చుని, పన్నెండుకి పన్నెండూ వద్దని తేల్చేయి. మన వైపు 1997 జూలై 11న సమత తీర్పు వచ్చింది. 2015లో విశాఖ మన్యం బాక్సైట్‌కి ఇచ్చిన 97 నంబరు జీవో మీద ఎంత గొడవ జరిగిందో మీలో చాలామందికి గుర్తే. 2019లో అది రద్దయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాన్‌స్టిక్ పెనం గీకి చూడండి. నల్ల పూత కింద తెల్లగా కనిపించేది చాలా పెనాల్లో అల్యూమినియమే. అంటే పెనం అడుగు కొండరాయి. మన కొండదే కాకపోవచ్చు గానీ, ఎవరో కొండవాళ్లదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

చీపురుపల్లి నేలలో ఏముంది?

ఇక్కడ చీపురుపల్లి సంగతి రావాలి. ఈ ఊరికి దగ్గర్లోనే గరివిడి, కోడూరు, గర్భాం ఉన్నాయి. మన దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది ఇక్కడే. 1892 ప్రాంతంలో విజయనగరం మైనింగ్ కంపెనీ కోడూరులో తవ్వింది. అప్పటి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఇక్కడ దొరికిన ఒక రకం రాతికి కోడూరు పేరు మీదే కోడురైట్ అని పేరు పెట్టేడు. ఆ పేరు ఇప్పటికీ ప్రపంచం మొత్తం భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంది. తర్వాత 1950ల్లో గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం వచ్చింది.

మాంగనీస్‌కీ వంటింటికీ సంబంధం ఏటంటారా? ఉక్కుకి గట్టిదనం రావడానికి మాంగనీస్ వేస్తారు. బజారులో దొరికే చవక రకం స్టీలు గిన్నెల్లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. నాన్‌స్టిక్ పెనాలకి ఎక్కువగా వాడే అల్యూమినియం మిశ్రమంలో కూడా నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు మాంగనీస్ ఉంటుంది.

గిన్నెలో కలిసిపోయిన మాంగనీస్‌తో భయం లేదు. దాని ధూళిని ఏళ్ల తరబడి పీల్చేవాడికే భయం. నరాలు దెబ్బతింటాయి, నడక మారిపోతుంది, మాట తడబడుతుంది. ఈ సంగతి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కూపర్ అనే డాక్టరు 1837లోనే రాసేడు. మాంగనీస్ పొడి చేసే కూలీలని చూసి రాసేడు. అంటే కోడూరులో మొదటి గునపం దిగడానికి 55 ఏళ్ల ముందే సంగతి తెలుసు. కాకపోతే అది ఇంగ్లీషు వైద్యపత్రికలో ఉంది. గనిలో తట్టలు మోసినవాళ్ల భాష తెలుగు.

తెలిసినవాడు ఒకడు, దెబ్బ తగిలేది ఇంకొకడికి. ఇద్దరి మధ్య దూరం ఎంతుందో చూడండి. నాన్‌స్టిక్ కథలో కూడా నాకు ఇదే కనిపించింది.

1938: సిలిండర్‌లో తెల్లపొడి

1938 ఏప్రిల్ 6. అమెరికాలో న్యూజెర్సీ. డూపాంట్ కంపెనీ లాబ్‌లో రాయ్ ప్లంకెట్ అనే 27 ఏళ్ల కుర్రాడు ఫ్రిజ్‌లకి వాడే కొత్త గ్యాసు కోసం పని చేస్తున్నాడు. గ్యాసు నింపిన సిలిండర్ తిప్పితే ఏమీ రాలేదు. తూకం వేస్తే బరువు తగ్గలేదు, అంటే లోపల ఏదో ఉంది. కోసి చూస్తే మైనంలాంటి తెల్లపొడి. దేనికీ అంటుకోదు, ఆసిడ్ పోసినా కరగదు. అదే తర్వాత టెఫ్లాన్ అయ్యింది.

మొదట వాడింది వంటకి కాదు, బాంబుకి. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం యురేనియం వేరు చేసేటప్పుడు వచ్చే గ్యాసు అన్నిటినీ తినేసేది. దానికి తట్టుకునే సీళ్లకి టెఫ్లాన్ వాడేరు. యుద్ధం అయిపోయేక 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు దీన్ని అల్యూమినియానికి అతికించే పద్ధతి కనిపెట్టేడు. చేపలు పట్టే సామాను కోసం మొదలుపెడితే, వాళ్లావిడ కొలెట్ "నా పెనానికి పూయి" అందని చెప్తారు. 1956లో వాళ్లు పెట్టిన కంపెనీయే టెఫాల్. టెఫ్లాన్‌లో సగం, అల్యూమినియంలో సగం కలిపి పెట్టిన పేరు.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. ఇంకో కథ అదే సమయంలో ఒహాయో నది ఒడ్డున నడిచింది.

సీ-8

టెఫ్లాన్ తయారు చెయ్యడానికి ఒక సబ్బులాంటి రసాయనం కావాలి. పేరు పీఎఫ్ఓఏ. ఎనిమిది కర్బన అణువుల గొలుసు కాబట్టి ఫ్యాక్టరీ వాళ్లు సీ-8 అనేవారు. 1951 నుంచి డూపాంట్ దీన్ని 3ఎం అనే కంపెనీ దగ్గర కొని, వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పార్కర్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో వాడేది. కర్బనానికీ ఫ్లోరిన్‌కీ మధ్య ఉండే బంధం చాలా గట్టిది. ఎండ, వాన, పురుగు, బాక్టీరియా ఏదీ దాన్ని తెంపలేదు. పెనానికి అదే మంచి గుణం. నీళ్లల్లో పడ్డాక అదే గుణం ముప్పు. నేలలో కుళ్లదు. ఒంట్లోకి వెళ్తే రక్తంలో సగం తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. అందుకే ఈ జాతి రసాయనాలకి శాశ్వత రసాయనాలు అనే పేరొచ్చింది.

ఎవరికి ఎప్పుడు తెలుసో వరసగా చూడండి.

1961లో కంపెనీ సొంత పరిశోధకులే ఎలకల్లో లివర్ పెరుగుతోందని గుర్తించి, జాగ్రత్తగా ముట్టుకోవాలని లోపల చీటీ రాసుకున్నారు.

1981లో, కడుపుతో ఉన్న ఎలకలకి ఇస్తే పిల్లల కళ్లల్లో లోపాలు వస్తున్నాయని 3ఎం చెప్పింది. టెఫ్లాన్ విభాగంలో పనిచేసే ఆడవాళ్లని కంపెనీ అక్కణ్నించి మార్చేసింది. వాళ్లకి పుట్టిన ఏడుగురు పిల్లల్లో ఇద్దరికి కంటి లోపాలున్నట్టు కంపెనీ కాగితాల్లోనే ఉంది.

1984లో చుట్టుపక్కల ఊళ్ల కుళాయి నీళ్లు తెచ్చి కంపెనీ పరీక్ష చేసుకుంది. సీ-8 ఉంది. ఆ నీళ్లు తాగే జనానికి ఆ మాట చెప్పలేదు.

ఆవులు చచ్చిపోతే కదిలిన కథ

పార్కర్స్‌బర్గ్ దగ్గర విల్బర్ టెనంట్ అనే రైతుకి ఆవులుండేవి. ఆయన పొలం పక్క వాగు పైన కంపెనీ చెత్త పారబోసే చోటు ఉంది. వాగులో నురగ వచ్చేది. ఆవులు చిక్కిపోయి, పళ్లు నల్లబడి, పిచ్చెక్కినట్టు మీదకి వచ్చి చచ్చిపోయేవి. నూటయాభైకి పైగా పోయేయి. ఊళ్లో వకీళ్లెవరూ కేసు పట్టుకోలేదు, ఎందుకంటే ఊరికి తిండి పెట్టేది ఆ కంపెనీయే. చచ్చిన ఆవుల్ని టెనంట్ తనే కోసి, లోపల ఏముందో వీడియో తీసి దాచుకున్నాడు. చదువుకున్నవాడు కాదు గానీ, సాక్ష్యం దాచాలని తెలిసినవాడు.

1998లో ఆ వీడియోలు పట్టుకుని రాబ్ బిలాట్ అనే లాయరు దగ్గరికి వెళ్లేడు. బిలాట్ అప్పటిదాకా రసాయన కంపెనీల తరఫునే పని చేసేవాడు. కోర్టు ద్వారా కంపెనీ కాగితాలు తెప్పిస్తే పెట్టెలకి పెట్టెలు వచ్చేయి. 1961 చీటీ, 1981 పిల్లల సంగతి, 1984 నీళ్ల సంగతి అన్నీ అందులో ఉన్నాయి. 2001లో చుట్టుపక్కల నీటి సరఫరాల జనమంతా కలిసి కేసు వేసేరు. 2004లో రాజీ కుదిరింది. 2005లో సమాచారం దాచిన కేసులో అమెరికా పర్యావరణ సంస్థతో కంపెనీ 1 కోటి 65 లక్షల డాలర్లకి రాజీ పడింది.

ఇప్పుడు చెప్పేది ముఖ్యం. రాజీలో డబ్బు వచ్చింది. దాన్ని తలా ఇంత పంచుకుంటే అయిపోయేది. అలా కాకుండా, నిజంగా జబ్బులు వచ్చేయా లేదా తేల్చుకోవాలని ఆ జనం అనుకున్నారు. రక్తం ఇచ్చి, తమ ఆరోగ్యం వివరాలు చెప్పిన ఒక్కొక్కరికీ 400 డాలర్లు అని పెట్టేరు. సుమారు 69,000 మంది ఇచ్చేరు. ముగ్గురు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఆ లెక్కలు చూసి, 2012 నాటికి ఆరు జబ్బులతో సీ-8కి సంబంధం ఉండే అవకాశం ఉందని తేల్చేరు. కిడ్నీ కేన్సర్, వృషణాల కేన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్ద పేగులో పుండ్లు పడే జబ్బు, గర్భిణుల్లో బీపీ, కొలెస్ట్రాల్ పెరగడం. 2017లో 3,500కి పైగా కేసులకి కలిపి 67 కోట్ల 10 లక్షల డాలర్లు ఇవ్వడానికి రెండు కంపెనీలు ఒప్పుకున్నాయి. టెనంట్ అది చూడలేదు. 2009లోనే పోయేడు.

మన ఉద్దానం గుర్తొస్తుందా? అక్కడ ఏళ్ల తరబడి కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. రెండూ ఒకటే అనడం లేదు. ఊరు ఊరంతా రక్తం ఇచ్చి, లెక్క రాయించుకుని, ఆ లెక్క పదేళ్లు పోకుండా చూసుకోవడం ఎంత పెద్ద పనో చెప్తున్నాను. పార్కర్స్‌బర్గ్ వాళ్లకి న్యాయం ఆ లెక్క వల్లే వచ్చింది.

పేరు మారింది, చోటు మారింది

అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 నాటికి సీ-8 వాడకం ఆపేసేయి. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచ దేశాలు దాన్ని తొలగించాల్సిన రసాయనాల్లో చేర్చేయి. 2023 డిసెంబర్‌లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే ఒకటో గ్రూపులో పెట్టింది. 2024లో అమెరికా తాగే నీళ్లల్లో లీటరుకి 4 నానోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంత తక్కువకి కూడా భయపడుతున్నారన్నమాట.

సీ-8 బదులు అదే జాతిలో పొట్టి గొలుసు రసాయనాలు వచ్చేయి. జెన్ఎక్స్ అనేది అందులో ఒకటి. 2017లో అది నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది నీళ్లల్లో బయటపడింది. అందుకే డబ్బా మీద "పీఎఫ్ఓఏ లేదు" అని రాసి ఉంటే అది సీ-8 లేదన్న మాట మాత్రమే. ఆ జాతిది ఏదీ లేదన్న మాట కాదు.

చోటు కూడా మారుతోంది. ఇటలీలో విచెంజా దగ్గర మిటెని అనే ఫ్యాక్టరీ ఇదే జాతి రసాయనాలతో లక్షల మంది తాగే నీళ్లు పాడు చేసి 2018లో దివాళా తీసింది. 2025లో దాని అధికారులకి అక్కడి కోర్టు జైలు శిక్షలు వేసింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలని వేలంలో కొని ఎక్కడికి తెచ్చేరో తెలుసా? మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో లోటే పరశురాం పారిశ్రామిక వాడకి. ఒక దేశం శిక్ష వేసిన పని ఇంకో దేశంలో ఉద్యోగాల కల్పన అవుతోంది.

మనవాళ్లు ఎంతమంది పైడిభీమవరం, పరవాడ కంపెనీల్లో పనికి వెళ్తున్నారో మీకు తెలుసు. ఐటీఐ, డిగ్రీ అయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ రసాయనాల మధ్య పని చేస్తున్నారు. భోపాల్ తర్వాత, 1987లో మన ఫ్యాక్టరీల చట్టంలో ఒక అధ్యాయమే కొత్తగా చేర్చేరు. ప్రమాదకర పదార్థాల గురించి కూలీకీ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని అందులో రాసేరు. ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రం ఒకటి ఉంటుంది. డ్రమ్ము మీద పేరు ఫోటో తీసి దాచుకోండి. ఆ పత్రం చూపించమని అడగండి. టెనంట్ వీడియో తీసినట్టే ఇదీ.

మరి మా అమ్మకి ఏం చెప్పేను?

ముందు భయం తీర్చేను. లేచిపోయిన నల్ల పొక్కు మింగితే అది ఒంట్లో కరగదు, అరగదు, మలంలో పోతుంది. తయారైన పెనంలో సీ-8 మిగిలేది చాలా తక్కువ. ఈ కథలో ఎక్కువ దెబ్బ తిన్నది వండినవాళ్లు కాదు, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు, దాని పక్క నీళ్లు తాగినవాళ్లు. అందుకే నల్ల పొడి తింటే కేన్సర్ గ్యారంటీ అనే ఫార్వర్డులు నమ్మకండి.

అలాగని ప్రమాదం లేదని కాదు. పెనం బాగా వేడెక్కితే పూత విడిపోయి విషపు పొగ వస్తుంది. తయారీదారులు చెప్పే హద్దు 260 డిగ్రీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఇంకా జాగ్రత్తగా, 170 డిగ్రీలు దాటితేనే ప్రమాదమన్నాయి. పెద్ద మంట మీద ఖాళీ పెనం కొద్ది నిమిషాల్లోనే ఆ హద్దు దాటేస్తుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు, దగ్గు వస్తాయి. పంజరంలో చిలక ఉంటే చచ్చిపోతుంది. నాన్‌స్టిక్ తయారైంది సన్న మంటకి. మన ఊళ్లో కట్టెల పొయ్యి మంటకి రెగ్యులేటర్ లేదు. కాబట్టి కట్టెల పొయ్యి మీద అసలు పెట్టొద్దు. ఖాళీగా కాల్చొద్దు. చెక్క గరిటే వాడాలి. పూత లేచిపోతే వాడటం ఆపెయ్యాలి.

చూసేరా, చివరికి అమ్మమ్మ కళాయిగిన్నె జాగ్రత్తలే మళ్లీ వచ్చేయి. అదే పుస్తకంలో మట్టి పాత్రలు అన్నిటికన్నా సురక్షితమైనవని కూడా రాసేరు. అల్యూమినియం, ఇనుము, ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు పదార్థాలు నిలవ ఉంచొద్దని రాసేరు.

నాన్‌స్టిక్ పారేసి దానికన్నా చెడ్డది కొనుక్కోవద్దు. మనం ఇండాలియం అంటామే, ఆ గిన్నెల్లో కొన్నిటి నుంచి సీసం వంటలోకి దిగుతోందని 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పేరు పెట్టి మరీ హెచ్చరించింది. పాత తుక్కు కరిగించి పోసిన గిన్నెల్లో సీసం కలిసే వీలుంది. సీసం పిల్లల మెదడుని దెబ్బ తీస్తుంది. ముద్ర, కంపెనీ పేరు లేని గిన్నె సంతలో చవగ్గా దొరికితే కొనొద్దని ఇంట్లో చెప్పండి.

అడ్డాకు

చివరగా ఒకటి. ఈ శాశ్వత రసాయనాలు పెనానికే కాదు, నూనె అంటకుండా కాగితానికి కూడా పూస్తారు. డెన్మార్క్ 2020లో తిండి పెట్టే కాగితాల్లో వీటిని నిషేధించింది. అమెరికాలో 2024 నాటికి ఇలాంటి కాగితపు పూతల అమ్మకం ఆగిపోయింది. మన బజారులో ప్రతి పేపర్ ప్లేటులోనూ ఇవి ఉన్నాయని నేననడం లేదు. మెరిసే పూత చూసి అందులో ఏముందో మాత్రం మనం చెప్పలేం.

అడ్డాకు విస్తరిలో ఏముందో చెప్పగలం. ఆకు ఏ తీగదో, ఎవరు కోసేరో, ఏ పుల్లతో కుట్టేరో మనకి తెలుసు. మన అమ్మలు కట్టలు కట్టి సంతకి తీసుకెళ్తే, బేరగాడు వంద ఆకులకి ఇంత అని విసిరేసి పోతాడు. అదే ఊళ్లో పెళ్లికి పేపర్ ప్లేట్లు లారీలో దిగుతాయి. మన హాస్టల్ ఫంక్షన్లకి, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ భోజనాలకి కూడా మనమే పేపర్ ప్లేట్లు తెస్తున్నాం. ఇది మనం మార్చగలిగిన పని. ఈ ఏడాది ఆగస్టు 9కి మన గ్రూపు తరఫున అడ్డాకు విస్తర్లు తెప్పిద్దామా? ఎవరి ఊళ్లో కుడుతున్నారో, వందకి ఎంత ఇస్తే వాళ్లకి గిట్టుబాటవుతుందో ఇక్కడ రాయండి.

ఇంకో పని. ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పుడు ఏ గిన్నెలో ఏం వండేవారో అడిగి రాసుకోండి. కుండ ఎవరి దగ్గర కొనేవారు, కళాయి ఎవరు పూసేవారు, ఆ గిన్నెలు ఎప్పుడు పోయేయి అని అడగండి.

మా అమ్మ ఆ మూడు పెనాల్లో రెండు తీసేసింది, ఒకటి అట్లకి ఉంచుకుంది. పూత లేవని పెనం అది, సన్న మంట మీదే వాడుతోంది. ఇత్తడి తపేలా మాత్రం తిరిగి రాదు. ఇంకెవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే, కళాయి పూయించుకోండి గానీ తూకానికి ఇవ్వకండి.

జోహార్.